పడవ బాగయ్యేదాకా

“ఇవాళైనా కదులుతుందా ఆ పడవ?” అతను మెట్లెక్కుతుండగానే అడిగింది భార్య.

అతను నూనె చేతులు చొక్కాకే తుడుచుకున్నాడు. “ఇంజను విప్పి చూశాం. ఒక సామాను కావాలి. అవతలి ఒడ్డు నుంచి తేవాలి.”

“అవతలి ఒడ్డుకి వెళ్ళాలంటే పడవ కావాలిగా?”

“అదే మరి వచ్చిన చిక్కు.”

ఆమె కొంగు చివరి ముడి తడుముకుంది. ఇంటి తాళంచెవి అందులో ఉంది. కంగారు పుట్టినప్పుడల్లా ఆమె చెయ్యి అక్కడికే పోతుంది. ఆ చేతి మణికట్టుకి ఇంకా కట్టు ఉంది. ఏళ్ళ తరబడి జాకెట్లు కుట్టి కుట్టి వాచిన చెయ్యి. కొన్నాళ్ళు సూది పట్టుకోవద్దని డాక్టరు చెబితే “అలాగేనండీ” అని బుద్ధిగా తలూపి, ఇంటికొచ్చి హుక్కులు కుట్టడానికి కూర్చున్న మనిషి.

అందుకే అతను తన స్కూటర్ల షెడ్డు మూసి, ఆమె మిషను మీద దుప్పటి కప్పి, ఈ దీవికి లాక్కొచ్చాడు. వానల ముందు గదులు సగానికి సగం ధరకి దొరుకుతాయని ఎవరో చెప్పారు. దొరికిన గదికి ఉన్నది రేకుల కప్పు, బకెట్టుకి పిడి కూడా లేదు. రెండు రోజులకని వస్తే ఉన్న ఒక్క పడవా మొరాయించింది.

“పేరుకి మెకానిక్కు. ఊళ్ళో స్కూటర్లన్నీ మీ చెయ్యి తగిలితే లేచి పరిగెడతాయి. ఈ బొమ్మ పడవ లేవదేం? ప్లగ్గు చూశారా?”

“అన్నీ చూశానే.”

“అవతల పెళ్ళివాళ్ళ జాకెట్లు అలాగే ఉన్నాయి.”

“నీ శిష్యురాలు కుడుతుందిలే.”

“అది కుడితే పెళ్ళికూతురు చెయ్యెత్తకూడదు. ఎత్తిందా, చంక దగ్గర కుట్లన్నీ పటపటా ఊడతాయి.” గొంతు తగ్గించింది. “నాకు ఈ గదులావిడ మీదే అనుమానం. అద్దె లాగడానికి పడవతనితో కుమ్మక్కైందేమో.”

“ఫ్యాను బాగుచేశానని ఆవిడ అద్దే వద్దంది.”

“అవునా?” ఇక అనుమానం ఎక్కడ పెట్టాలో ఆమెకి తెలియలేదు.

ఆ దీవిలో ఎవరికీ తొందర లేదు. కొట్టు తెరిచే ఉంటుంది, కొట్టతను ఉండడు. సబ్బు తీసుకుని డబ్బులు డబ్బాలో వేసి రావడమే. పడవ ఎప్పుడు బాగవుతుందని ఆమె ఎవరినడిగినా “బాగైనప్పుడమ్మా” అని కూర్చోవడానికి చాప వేశారు. కూర్చుంటే కొబ్బరికాయ కొట్టి ఇచ్చారు.

మర్నాడు అతను గదులావిడ నీళ్ళ పంపు బాగుచేసి వచ్చేసరికి, తన చొక్కా తీగ మీద ఆరుతోంది.

“చెయ్యి తడపొద్దన్నానా?”

“ఎడం చేత్తోనే ఉతికా. జేబుల్లోని మీ ఇనప సామానంతా కిటికీలో పెట్టా. ఎన్నాళ్ళు మొత్తుకున్నా జేబులు చూసుకోరు కదా.”

ఆ మధ్యాహ్నం ఆమె పడుకుంది. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆమె పగలు నిద్రపోవడం అతను చూడలేదు. నోరు కొద్దిగా తెరుచుకుని, చిన్నగా గురక కూడా. ఈగ వాలకుండా అతను పక్కనే కూర్చుని తువ్వాలు విసిరాడు. సాయంత్రం ఆమె నీళ్ళల్లో కాళ్ళు పెట్టుకుని, కట్టు విప్పి మణికట్టు అటూ ఇటూ తిప్పింది. వాపు బాగా తీసింది. రెండు రోజులు గడిచినా పడవ ఊసెత్తలేదు.

ఇంక చాలనుకున్నాడు అతను. పొద్దున్నే లేచి రేవుకి వెళ్ళాడు. పడవతను ఉయ్యాల గుడ్డలోంచి తల మాత్రం బయటపెట్టాడు.

“వదిన చెయ్యి తగ్గిందా అన్నా?”

“తగ్గింది తమ్ముడూ. ఇవాళ బయల్దేరదాం.”

“అయితే ఆ ప్లగ్గు తెచ్చి బిగించు. పీకినవాడివి నువ్వే, పెట్టాల్సిందీ నువ్వే. నా సెలవులు అయిపోయాయి, ఏం చేస్తాం.”

అతను నవ్వుకుంటూ గదికొచ్చాడు. కిటికీలో రెండు బోల్టులున్నాయి, ఒక మేకుంది. ప్లగ్గు లేదు. చొక్కా జేబులు తిరగేశాడు. మంచం కింద దూరాడు. సబ్బు పెట్టె కూడా తెరిచి చూశాడు.

“ఏం వెతుకుతున్నారు?” మంచం మీంచి అడిగింది ఆమె.

“ఏం లేదు. చిన్న బోల్టు.”

“దొరక్కపోతే మానెయ్యండి. ఇప్పుడేం తొందర?” ఆవులించి అటు తిరిగి పడుకుంది. కొంగు మంచం మీంచి జారి వేలాడింది.

ఇప్పుడు దానికి రెండు ముడులున్నాయి.