మొదటి వేటు

"తీర్మానం చేసేది మేము. దాన్ని పైకి చెప్పేది నువ్వు, అంతే. మీ నాయనకి పుట్టినావని నీకెందుకు మామా ఆ తలపాగా?"

తమిళనాడులో బోడినాయకనూరు కొండ కింద జరిగిన కులసభలో కన్నన్ లేచి పళనిసామిని అడిగాడు. తరతరాలుగా నాయకరు, అంటే కులపెద్ద, పదవి ఆయన ఇంటిదే.

"మనలో మనకి కొడవలి లేస్తే నడమ నిలబడేది నాయకరే, తంబీ."

"నేను పుట్టినప్పటి నుంచి ఒక్క కొడవలీ లేవలేదే."

"లేవలేదు," అన్నాడు పళనిసామి.

చేతులెత్తించారు. ఇకమీదట నాయకరుని ఎన్నుకోవాలని తేలింది. అక్కడికక్కడే కన్నన్‌ని ఎన్నుకున్నారు. పళనిసామి తలపాగా విప్పి ఒళ్లో పెట్టుకున్నాడు.

ఓడినవాళ్ల వైపు నుంచి ఒక కుర్చీ ఎగిరి వచ్చి ఎవడివో పళ్లు రాలగొట్టింది. రాళ్లు పడ్డాయి. ఏలకుల తోటలకు వెళ్లే జీపుల్లోంచి కొడవళ్లు దిగాయి. అన్నదమ్ముల బిడ్డలిద్దరు గొంతులు పట్టుకుని దొర్లారు. వాళ్లలో ఒకడు కొడవలి ఎత్తాడు.

అందరూ అలవాటుగా పళనిసామి వైపు చూశారు. ఆయన కన్నన్ వైపు చూశాడు.

 కన్నన్ వెళ్లి వాళ్ల నడుమ నిలబడ్డాడు. వేటు ఆగలేదు. నుదురు చీలి నెత్తురు కళ్లలోకి కారింది. కొట్టినవాడు కొడవలి పారేసి అక్కడే కూలబడ్డాడు. ఇంకెవరూ చెయ్యెత్తలేదు.

పళనిసామి తలపాగా గుడ్డని కన్నన్ తలకి బిగించి చుట్టాడు. అది ఎర్రగా తడుస్తుంటే ముడి వేశాడు.

"మా ఇంట్లో మొదటివానికి దీన్ని కట్టింది కూడా ఇట్లనే, తంబీ."