పురుగుకు పురుడు

"జరగండి అత్తయ్యగారూ, మందు మీద పడుతుంది."

"పడనివ్వండి అల్లుడుగారూ. ముందు నన్ను తడపండి, ఆ తర్వాతే నా క్యాబేజీల దగ్గరికి వెళ్ళండి."

పెరట్లో తన చేత్తో నాటిన మడికి అడ్డంగా, కొంగు బిగించి నిలబడింది పెద్దావిడ. అల్లుడు భుజాన ఉన్న మందుపంపు దించేశాడు. చీమను తొక్కినా చెంపలేసుకునే మనిషి అత్తగారు. ఆవిడతో ఎవరు గెలుస్తారు?

ఆకులు మాత్రం చిల్లులు పడి ఈనెలు తేలాయి. నెలాఖరులోగా పురుగు సంగతి తేలకపోతే మడి తవ్వేసి సిమెంటు చేయిస్తానన్నాడు అల్లుడు.

"నేను తేలుస్తాగా!" అంది ఆవిడ.

తేల్చే పద్ధతే ఎవరికీ మింగుడుపడలేదు. చురుగ్గా మేసే పురుగుల్ని ఆకుల మీదే వదిలేస్తోంది. పాలిపోయి, కదల్లేక పడున్నవాటిని మాత్రం పువ్వుల్లా ఏరి, దోమతెర ముక్క మూతగా కట్టిన డబ్బాలో వేసి, లేతాకులు పెడుతోంది. పెట్టినప్పుడల్లా కళ్ళు మూసుకుని "తప్పు కాయి తండ్రీ" అని గొణుక్కుంటోంది.

"దొంగ చేతికి తాళాలిచ్చింది చాలక భోజనం కూడానా అమ్మా?" కూతురు తల కొట్టుకుంది.

"దానికీ పొట్ట ఇచ్చింది ఆ దేవుడేనే. తిననీ. ఎన్నాళ్ళు తింటుంది పాపం!"

ఓ ఉదయం అల్లుడు డబ్బాలోకి తొంగిచూసి కేకపెట్టాడు. ఒక పురుగు ఒంటి నిండా బియ్యపు గింజల్లాంటి తెల్లటివి అతుక్కుని ఉన్నాయి.

"గుడ్లు! గుడ్లు పెట్టేసింది! పురుగుకు పురుడు పోస్తున్నారా అత్తయ్యగారూ?"

"పోస్తున్నాను. మంత్రసాని ఖర్చు మిమ్మల్ని అడిగానా?"

చెప్పుకాలితో తొక్కెయ్యబోయాడు. ఆవిడ డబ్బా లాక్కుని గుండెకు హత్తుకుంది.

"వీటి జోలికొస్తే మర్యాద దక్కదు!"

అల్లుడితో ఆవిడ అలా మాట్లాడటం అదే మొదలు.

గడువు రోజు పొద్దున్నే అల్లుడు గునపంతో దిగాడు. అప్పటికే ఆవిడ డబ్బాను మడి మధ్యలో పెట్టుకుని, చేతులు జోడించి కూర్చుంది. తెల్లగింజలు ఒక్కొక్కటే పగులుతున్నాయి.

"చూడవే, పిల్లలు కూడా పుట్టాయి!" అని పెళ్ళాన్ని పిలిచాడు అల్లుడు.

దోమతెర కన్నాల్లోంచి బయటికొచ్చినవి పురుగు పిల్లలు కావు. ఆ పురుగునే లోపల్నుంచి తిని పెరిగిన చీమంత కందిరీగలు, ఆవిడ తమ కోసమే ఆకుల మీద అట్టిపెట్టిన బలిసిన పురుగుల్లో గుడ్లు పెట్టడానికి బిలబిలమంటూ ఎగిరాయి.