ఇల్లు కొనేముందు నన్నడగండి

మా ఇల్లు కొనడానికి వచ్చిన మొదటి మనిషిని నేనే తరిమేశాను. కర్రతో కాదు, సలహాతో.

"ఇది నల్లరేగడి నేలండీ. ఎండాకాలంలో చూసి మోసపోవద్దు. వానలు పడ్డాక వచ్చి గోడలు చూడండి" అన్నాను.

ఆయన వానలు పడ్డాక కూడా రాలేదు.

ఏం చెయ్యను? ముప్ఫై ఏళ్ళు లెక్కల మేష్టారిగా చేసినవాణ్ణి. తప్పు కనబడితే కింద ఎర్రసిరా గీత గీయకుండా ఉండలేను. రిటైరయ్యాక దిద్దడానికి నోటు పుస్తకాలు లేక ఇళ్ళ మీద పడ్డాను. సత్తెనపల్లి చుట్టుపక్కల ఇల్లు కొనేవాళ్ళు ఏమేం చూడాలో నాకు కంఠతా వచ్చు. బావి నీళ్ళతో కందిపప్పు ఉడికించి చూడాలి. పాత దస్తావేజులు ఒక్కటీ తప్పిపోకుండా ఉన్నాయో లేదో చూడాలి. మిరపకాయలు ఆరబోసే కళ్ళం ఎటువైపుందో, గాలి ఎటు వీస్తుందో చూడాలి.

ఈ విద్యని నేనెప్పుడూ దాచుకోలేదు. మా వీధిలో ఇల్లు చూడటానికి ఎవరొచ్చినా అరుగు మీంచే పిలిచి చెప్పేవాణ్ణి. కోటేశ్వరి వాళ్ళ బావి నీళ్ళకి పప్పు ఉడకదని చెప్పాను. ప్రేమ్‌చంద్ ఇంటికి 1971 నాటి కాగితం లేదని చెప్పాను. తాపీమేస్త్రీ అన్వర్ ఇల్లు కళ్ళం పక్కనే ఉందనీ, మిరపకాయల రోజుల్లో ఇంటిల్లిపాదికీ తుమ్ములేననీ చెప్పాను. మూడిళ్ళూ ఏళ్ళ తరబడి అమ్ముడుపోలేదు. అయినా వాళ్ళెవరూ నన్ను పల్లెత్తు మాట అనలేదు. మేష్టారంటే అంత గౌరవమని మురిసిపోయేవాణ్ణి.

అలాంటిది, 2003లో మా ఇల్లే అమ్మాల్సి వచ్చింది. మా ఆవిడ శివపార్వతికి మోకాళ్ళ నొప్పులు. వారానికి రెండుసార్లు గుంటూరు బ్రాడీపేటలోని డాక్టరు దగ్గరికి బస్సులో వెళ్ళిరావడం ఆమె వల్ల కావడం లేదు. ఈ ఇల్లు అమ్మితే తప్ప గుంటూరులో చిన్న ఇల్లు కూడా కొనలేం.

రెండో బేరం వచ్చేసరికి వీధి వీధంతా కదిలింది. ఆ ఏడు మిరప బాగా పండి అందరూ హుషారుగా ఉన్నారు. అన్వర్ పిలవకుండానే వచ్చి గోడ పగుళ్ళు పూడ్చి సున్నం వేశాడు. కూలి ఇవ్వబోతే వద్దంటే వద్దన్నాడు. కోటేశ్వరి వచ్చినవాళ్ళకి ఎదురెళ్ళింది.

"మేష్టారి బావి నీళ్ళు పంచదారేనండీ! పప్పు రెండు పొంగులకే మెత్తబడిపోద్ది."

నాకు కళ్ళు చెమర్చాయి. వాళ్ళ ఇళ్ళ లోపాలు ఊరంతా చాటినవాణ్ణి. నా ఇంటిని ఇంతలా పొగుడుతున్నారే! కానీ తప్పు తప్పే కదా.

"అమ్మాయ్, పొరబడ్డావు. ఈ నీళ్ళకి పప్పు పొద్దస్తమానం ఉడికినా పలుకే. మేం తాగేది పంచాయతీ కుళాయి నీళ్ళు" అని సరిదిద్దాను.

వచ్చినవాళ్ళు కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు. శివపార్వతి ఆ పూట నాకు ఆ బావి నీళ్ళతోనే పప్పు వండిపెట్టింది. పలుకులు నములుతుంటే ఎదురుగా కూర్చుని చూసింది.

"ఈసారి ఎవరన్నా వస్తే మీరు నోరు తెరవొద్దు. తెరిచారో, నేనొక్కదాన్నే గుంటూరు పోయి ఉంటా" అంది.

మూడో మనిషి పేరు హయాత్. సత్తెనపల్లిలో పత్తి వ్యాపారమట. నీళ్ళు రుచి చూడలేదు. కాగితాలు అడగలేదు. గోడల వంక చూడనే లేదు.

"ఎప్పుడు ఖాళీ చేస్తారు మేష్టారూ?" అన్నాడు. అదొక్కటే ప్రశ్న.

నాకు నాలుక దురద పెట్టింది. శివపార్వతి నా కాలు తొక్కింది. నేను చెప్పిన ధరకే ఒప్పుకుని అడ్వాన్సు కూడా ఇచ్చేశాడు. "రిజిస్ట్రేషన్ ఎవరి పేరునో ఆ రోజు చెప్తానండీ, మావాళ్ళు ఇంకా అనుకుంటున్నారు" అని వెళ్ళిపోయాడు. ఇంత అమాయకుణ్ణి నా సర్వీసులో చూడలేదు.

తీరా రిజిస్ట్రేషన్ నాలుగు రోజులుందనగా నా మనసు మారింది. ఇంత ప్రేమగా చూసుకునే ఇరుగుపొరుగుని వదిలి ఎక్కడికి పోతాం? ఆ మాటే అరుగు మీద నిలబడి పైకి అనేశాను.

"నేను అమ్మను. ఇక్కడే ఉంటా. డాక్టరు దగ్గరికి ఎలాగోలా బస్సులోనే పోతాం!"

ఐదు నిమిషాల్లో వీధంతా మా వాకిట్లో ఉంది. కోటేశ్వరి ఏడ్చినంత పని చేసింది.

"అమ్మగారి మోకాళ్ళు చూడండి మేష్టారూ! మీరు పోవాలండీ!"

"మాటిచ్చి వెనక్కి తగ్గితే మీ పరువేం కావాలండీ?" అన్నాడు ప్రేమ్‌చంద్.

అన్వర్ అయితే, సామాన్లకి అప్పుడే ట్రాక్టరు మాట్లాడేశానన్నాడు.

మా ఆవిడ మోకాళ్ళ గురించి నాకన్నా వీళ్ళకే ఎక్కువ బెంగ. నా మీద నాకే సిగ్గేసి సరేనన్నాను.

రిజిస్ట్రేషన్ రోజు పొలం పనులు మానుకుని మరీ అందరూ మా వెంట ఆఫీసుకి వచ్చారు. సాగనంపడానికి ఇంతమందా అని పేరుపేరునా దణ్ణం పెట్టాను. దస్తావేజు రాసిన ఆయన కాగితాలు నా ముందు పెట్టి సంతకం చెయ్యమన్నాడు. చదవకుండా సంతకం పెట్టొద్దని వందమందికి చెప్పినవాణ్ణి. కళ్ళజోడు పెట్టుకుని మొదటి నుంచీ చదివాను. అమ్మేవాడిగా నా పేరు, మా నాన్న పేరు సరిగ్గానే ఉన్నాయి.

కొనేవాళ్ళ పేర్లు రాసినచోట హయాత్ లేడు. కోటేశ్వరితో మొదలుపెట్టి, మా వీధిలో మిగిలిన పదకొండు ఇళ్ళవాళ్ళూ వరసగా ఉన్నారు.