బాల్కనీలో చివరి కుర్చీ

"మీ చీటీ ఇవాళ కూడా రాలేదు మేడమ్!" అన్నాడు లెస్టర్, బాల్కనీ తలుపు తెరిచి పట్టుకుని.

"రాకూడదనే కదండీ నా కోరిక," అంటూ నోరీన్ లోపలికి వెళ్లింది.

'స్టేజీ ఎక్కకుండానే ఎంత బాగా నటిస్తోందో!' అనుకున్నాడు లెస్టర్.

లెస్టర్ కుబియాక్ అమెరికాలోని మిల్వాకీలో ముప్పయ్యేళ్లు సిటీ బస్సు నడిపి రిటైరయ్యాడు. ఇప్పుడు ఈ నాటకశాలలో జనానికి సీట్లు చూపిస్తాడు. జీతం ఉండదు, ఆట ఊరికే చూడొచ్చు. అతనికి అదే పదివేలు. ఎందుకంటే ఇక్కడ వినిఫ్రెడ్ స్లోన్ నటిస్తుంది.

డెబ్బయి నాలుగేళ్ల వినిఫ్రెడ్ నాటకం అతను ఒక్కటీ వదిలిపెట్టలేదు. పెళ్లాంతో పేచీ పెట్టుకుని మరీ చూసినవి ఉన్నాయి.

నోరీన్ ఆమెకు బదులు నటి. వినిఫ్రెడ్‌కి ఒంట్లో బాగోకపోతే ఆ వేషం నోరీన్ వేయాలి. అలాంటి రోజున 'ఈ పాత్రలో ఇవాళ నోరీన్ టాఫ్ట్' అని చీటీలు అచ్చేసి ప్రోగ్రాం పుస్తకాల్లో పెట్టి పంచుతారు. రెండేళ్లలో ఆ చీటీ ఒక్కసారి కూడా రాలేదు.

అయినా నోరీన్ ప్రతి ఆటకీ వచ్చి, చివరి వరుసలో మూల కుర్చీలో కూర్చుంటుంది. కోటు కాలరు పైకెత్తుకుని, స్టేజీ మీంచి చూపు తిప్పకుండా ఏదో గొణుగుతూ ఉంటుంది.

ఏం గొణుగుతోందో తెలుసుకోవాలని లెస్టర్‌కి ఒకటే కుతూహలం. ఒకరోజు దగ్గుబిళ్ల ఇచ్చే నెపంతో వంగి చెవి పెట్టాడు.

అవి వినిఫ్రెడ్ డైలాగులు! అదీ వినిఫ్రెడ్ కంటే ముందే అనేస్తోంది.

'తొందర చూడు! పెద్దావిడ ఎప్పుడు పడిపోతుందా అని గుంటకాడ నక్కలా కాచుకుంది,' అని ఒళ్లు మండిపోయింది అతనికి.

"ఆవిడ ఈ వయసులో కూడా ఒక్క మాట తడబడదు. చూశారా?" అన్నాడు ఇంటర్వెల్లో, కావాలనే.

"అవునండీ. ఒక్క మాటా తడబడదు," అంది నోరీన్, దగ్గుబిళ్ల చప్పరిస్తూ.

బుధవారం మధ్యాహ్నం ఆట. బయట మంచు కురుస్తోంది. ఇంటర్వెల్లో వినిఫ్రెడ్ గదికి వెళ్లి రావడం నోరీన్‌కి అలవాటు. ఆ రోజు ఒక్క నిమిషం ఆలస్యంగా మెట్లెక్కి వచ్చింది.

అప్పటికే లెస్టర్ తలుపు మూసేశాడు. ఆలస్యంగా వచ్చిన ఆడవాళ్లు ఇద్దరు పక్కనే నిలబడి ఉన్నారు.

"తలుపు తీయండి లెస్టర్ గారూ!"

"సీను అయ్యేదాకా ఎవర్నీ పంపకూడదు. మీకు తెలియనిదా?"

"నేను ఇక్కడి మనిషినే కదండీ!"

"టికెట్టు కొన్నవాళ్లే నోరు మూసుకుని నిలబడ్డారు. ఊరికే చూసేవాళ్లకి ఇంత తొందరేమిటి?"

నోరీన్ ఏదో చెప్పబోయి, ఆ ఇద్దరినీ చూసి ఆగింది.

"ఒక్కసారి ఇలా పక్కకి రండి, చెబుతాను."

"తలుపు వదిలి రాను."

"నేను ఆ కుర్చీలో ఉండాలండీ. దయచేసి!"

"ముప్పయ్యేళ్లు బస్సు తలుపు మూసినవాణ్ణి మేడమ్. పరిగెత్తుకొచ్చిన ప్రతివాళ్లకీ తెరిస్తే బస్సు కదలదు."

నోరీన్ వెనక్కి తిరిగి, మెట్లు దిగుతూ పరుగు తీసింది.

ఆ ఇద్దరు ఆడవాళ్లూ మెచ్చుకోలుగా చూశారు. లెస్టర్ ఛాతీ ఉబ్బింది. తలుపుకున్న చిన్న అద్దంలోంచి స్టేజీ చూశాడు.

కూతురు వేషం వేసిన పిల్ల ఏదో అడిగింది. వినిఫ్రెడ్ బదులు చెప్పలేదు. కొంగులా వేలాడుతున్న ఏప్రన్ తాడు వేలికి చుట్టుకుంటూ అలాగే నిలబడింది.

ఆ పిల్ల మళ్లీ అడిగింది.

హాలంతా ఊపిరి బిగబట్టింది. లెస్టర్ కళ్లు చెమర్చాయి. 'మాట లేకుండా చంపేస్తోంది! ఇదీ నటనంటే!'

వినిఫ్రెడ్ తలెత్తింది. జనం తలల మీదుగా బాల్కనీ మూలకేసి చూసింది. ఆమె పెదాలు వణికాయి.

దీపాలు ఆరిపోయాయి. చప్పట్లు మోగిపోయాయి. తలుపు బయట నిలబడి అందరికంటే గట్టిగా కొట్టింది లెస్టరే.

కాసేపటికి మైకులో ప్రకటన వినబడింది. వినిఫ్రెడ్ స్లోన్ గారికి ఒంట్లో బాగోలేదు, ఆట ఇంతటితో ఆపేస్తున్నాం అని.

'నేను పంపనన్నానని నేరుగా స్టేజీ వెనక్కి వెళ్లి ఆవిడ మనసు విరిచి ఉంటుంది, మహాతల్లి!' అని లెస్టర్ పళ్లు నూరాడు. ఆ రాత్రి అన్నం సయించలేదు.

మర్నాడు చీటీలు వచ్చాయి. నాలుగు వందల పుస్తకాల్లో ఒక్కొక్కటే పెట్టాడు. వినిఫ్రెడ్ ఇక స్టేజీ ఎక్కనని చెప్పేసిందట.

వేషం వేసుకోకముందే నోరీన్ బాల్కనీకి వచ్చింది. కళ్లు వాచిపోయి ఉన్నాయి.

"వచ్చిందిగా మేడమ్, మీ చీటీ!" అన్నాడు లెస్టర్ కసిగా.

నోరీన్ కోపం తెచ్చుకోలేదు. కోటు కాలరు కిందనుంచి గోరంత నల్లటి మైకు ఒకటి తీసి, అతని అరచేతిలో పెట్టింది.

"దీన్ని స్టేజ్ మేనేజర్‌కి ఇచ్చేయండి. ఇక పనిలేదు."

"ఏమిటిది?"

నోరీన్ చివరి వరుసలోని మూల కుర్చీకేసి చూసింది.

"రెండేళ్లుగా ఆవిడకి ఏ మాటా గుర్తుండటం లేదు లెస్టర్ గారూ; నేనక్కడ కూర్చుని స్టేజీ చూస్తూ దీంట్లో చెబితే, చెవిలో పెట్టుకున్నదాంట్లో విని పలికేది."