పాటలో పోయిన సెట్టు

"వేలంపాటలో పోయింది డమ్మీయే కదా?" అని అడిగాడు గంగాధర్.

"డమ్మీయే సార్," అన్నాడు యేసుకుమార్.

"కాదు. అసలుదే," అంది స్టెల్లా.

గంగాధర్ చేతిలో పెన్ను ఆగిపోయింది. ఆయన విజయవాడలో వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ఆఫీసరు. ఆయన ముందున్నది ఆటోనగర్‌లో తయారైన వెన్నెముక ఇంప్లాంటుకు అనుమతి పత్రం. విరిగిన వెన్నుపూసలను పట్టి నిలబెట్టే కడ్డీలు, వాటిని ఎముకలో బిగించే స్క్రూలు, అన్నీ కలిపి ఒక సెట్టు. పత్రం మీద సంతకం ఒక్కటే తక్కువ. అది పడితే సోమవారం నుంచి ఆస్పత్రులకు అమ్ముకోవచ్చు.

బల్లకు అటువైపు ఇద్దరు కూర్చున్నారు. ఒకరు ఫ్యాక్టరీ మేనేజరు యేసుకుమార్. రెండోవారు తయారీదారుల సంఘం అధ్యక్షుడు ఫిన్నీ. రూల్సు ఎక్కువైతే పరిశ్రమ బతకదని ప్రతి మీటింగులోనూ అనే పెద్దమనిషి. అనుమతి రాకముందే అభినందనల ఫ్లెక్సీలు కూడా అచ్చేయించాడు. ఇటువైపు స్టెల్లా ఒక్కతే. ఉయ్యూరు దగ్గర వాళ్ళ ఊరి చర్చిలో స్త్రీల సమాజం సభ్యురాలు. కోతపండక్కి వచ్చిన కానుకలు పళ్ళేల్లో సర్దేది ఆవిడే.

గొడవంతా ఆ కోతపండగతోనే వచ్చింది. పొలంలో మొదట పండింది, పెరట్లో మొదట కాసింది దేవుడికివ్వడం వాళ్ళ ఆనవాయితీ. ప్రార్థనయ్యాక వాటిని వేలం వేస్తారు. చెరకు గడలు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు. ఈసారి వాటి మధ్య ఫ్యాక్టరీలో మొట్టమొదట తయారైన సెట్టు కూడా పెట్టారు. పాస్టరుగారు దాని మీద చెయ్యి ఉంచి ప్రార్థించారు. ఎవరో కొత్త మనిషి పాట పాడుకుని పట్టుకుపోయాడు. అందరూ సంతోషంగా చప్పట్లు కొట్టారు.

ఆ తర్వాత పరీక్షల్లో మొదటి విడతగా చేసిన లాట్‌లోని స్క్రూలు బరువు మోపగానే తల కింద విరిగాయి. ఆ లాట్ మొత్తాన్ని ముక్కలు చేసి తుక్కులో పడేశారు. లోపం సరిచేసి కొత్త లాట్ తయారుచేశారు. అది అన్ని పరీక్షలూ నెగ్గింది. అదే లాట్‌లోంచి దేవుడికిచ్చిన సెట్టు సంగతి మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. గుర్తొచ్చింది స్టెల్లాకే. ఆ సంగతి ఈ ఆఫీసు దాకా తెచ్చిందీ ఆవిడే.

అప్పట్నుంచీ ఆవిడకు ఫోన్లు ఆగలేదు. చర్చి పేరు పేపర్లకెక్కుతుందమ్మా అని పాస్టరుగారు కూడా బతిమాలారు. ఆవిడ వింటేనా?

"అసలుదని అంత గట్టిగా ఎలా చెబుతున్నారు?" అన్నాడు గంగాధర్.

"పళ్ళెంలో పెట్టింది నేనే కదండీ. దేవుడికి డమ్మీ పెడతానా?"

ఫిన్నీ కుర్చీ ముందుకు జరిపాడు. ఆయన మామూలుగా మాట్లాడినా మైకు ముందు నిలబడ్డట్టే ఉంటుంది.

"స్టెల్లా గారూ, నట్లూ బోల్టులూ చేసుకునే ఆటోనగర్ నుంచి వెన్నెముకకి సామాను వెళ్తోందండీ. ఇది ఒక్క ఫ్యాక్టరీ విషయం కాదు. దీని వెనకాల ఇంకా ఎందరివో అప్లికేషన్లు ఉన్నాయి. మీరిలా అంటే పెద్ద కంపెనీలవాళ్ళు పండగ చేసుకుంటారు. లారీలు బాగుచేసేవాళ్ళకి నడుముల సంగతెందుకని నవ్వుతారు."

"నవ్వనివ్వండి."

"అక్కడ పనిచేసేవాళ్ళ మొహాలైనా చూడండి."

"చూసే వచ్చాను."

"మేడం," అన్నాడు యేసుకుమార్, "డమ్మీ అనేస్తే అయిపోతుంది. ఆ సెట్టు ఎవరింట్లోనో షోకేసులో ఉండుంటుంది."

"షోకేసులో లేదు. పాట పాడుకున్నవాడు ఆస్పత్రులకి సర్జికల్ సామాను వేసే ఏజెంటట. మా చర్చిలో మాణిక్యమ్మగారి అల్లుడు చెప్పాడు. వాడేమో ఫోను తియ్యట్లేదు. ఇవాళో రేపో ఎవరో ఒకరు తాటిచెట్టు మీంచి పడతారు, బండి మీంచి పడతారు. ఆ స్క్రూలు వాళ్ళ వెన్నులో దిగుతాయి. లేచి నిలబడ్డ రోజున విరుగుతాయి. డమ్మీ అని రాసేసుకుంటే ఇంక దాన్ని వెతికేదెవరు?"

"దేవుడికిచ్చినదాన్ని మళ్ళీ అడుగుతారా?" అన్నాడు ఫిన్నీ. ఆయనా ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళేవాడే.

"విరిగేదాన్ని ఇచ్చాం. వెనక్కి తెచ్చుకోవాల్సింది మనమే."

గంగాధర్ ఇబ్బందిగా కదిలాడు. పాపం, ఆయనకూ సంతకం పెట్టేయాలనే ఉంది. పైనుంచి పొద్దున కూడా ఫోను వచ్చింది.

"అమ్మా, మీ మాట రాసుకున్నానంటే ఇక చెరపడం ఉండదు. అనుమతి ఆగిపోతుంది. అనుమతి లేకుండా అమ్మినట్టే కాబట్టి కేసు కూడా అవుతుంది. ఈ ఇంప్లాంటు మళ్ళీ ఎప్పుడు బయటికొస్తుందో నేను చెప్పలేను. ఇంటికెళ్ళి ఆలోచించుకుని రేపు రండి."

"ఈలోపు ఎవరికైనా ఆపరేషనయితే?"

ఆయన యేసుకుమార్ వైపు చూశాడు.

"ఇన్నేళ్ళ కష్టం మేడం," అన్నాడు యేసుకుమార్. "మీకు కొంచెం కూడా జాలి లేదా?"

"ఉంది. అందుకే వచ్చాను." స్టెల్లా ఇక కోపం దాచుకోలేదు. "అది డమ్మీ అని నా నోటితో ఎవరూ అనిపించలేరు. మీరు కాదు, సంఘం కాదు, పైనుంచి ఫోన్లు చేసేవాళ్ళు కాదు. రాసుకోండి సార్. అసలుది. మొదటి లాట్‌ది. విరిగే రకం."

గంగాధర్ రాసుకున్నాడు. అనుమతి పత్రం మీద అడ్డంగా గీత కొట్టాడు. ఫిన్నీ విసురుగా లేచి బయటికి వెళ్ళిపోయాడు. యేసుకుమార్ తల వంచుకుని కూర్చున్నాడు.

"ఆ సెట్టు వాడొద్దని అన్ని ఆస్పత్రులకూ ఈ పూటే హెచ్చరిక పంపిస్తాను," అన్నాడు గంగాధర్. "విచారణ తేలేదాకా ఆ ఫ్యాక్టరీ మూసేయాలి. మావాళ్ళు ఇప్పుడే బయల్దేరతారు."

"పదండి," అంటూ లేచింది స్టెల్లా, "నా ఫ్యాక్టరీకి నేనే తాళం వేస్తాను."