రాహుకాలంలో మోగిన ఫోను

మోడెం మీది ఆకుపచ్చ దీపం మిణుకుమిణుకుమనడం మాని నిలకడగా వెలిగింది.

"వచ్చింది పెద్దమ్మా, నెట్టు వచ్చింది." లిఖిత కుర్చీలోంచి లేచి గంతేసినంత పని చేసింది.

మహేశ్వరి కుంకుమ భరిణెతో సిద్ధంగానే ఉంది. మోడెంకు బొట్టు పెట్టి, ఒక అడుగు వెనక్కి వేసి, పెళ్లికూతురిని చూసినట్టు చూసింది.

ఇబ్రహీంపట్నంలోని ఆ ఇంట్లో సెల్‌ఫోనుకు సిగ్నలు అందదు. ఎవరు నంబరు అడిగినా వాళ్ళు ఇచ్చేది పాత ల్యాండ్‌లైనుదే. ఆ తీగ మీదే ఇప్పుడు ఇంటర్నెట్టు కూడా వచ్చింది. కాసేపట్లో ఆదిభట్లలోని విమాన విడిభాగాల కంపెనీవాళ్ళు లిఖితను తెర మీద ఇంటర్వ్యూ చేయబోతున్నారు. చెల్లెలి కూతురైన ఆ పిల్లను ఇంజనీరింగు దాకా చదివించింది రిటైరైన తెలుగు టీచరు మహేశ్వరే. ఆ కొలువు మీద లిఖితకన్నా ఆమెకే ఆశ ఎక్కువ.

లైను చూడవచ్చిన వినోద్ కుమార్ సంచిలోంచి చిన్న తెల్ల డబ్బా తీశాడు.

"టీచరమ్మా, హాల్ల ఉన్న ఫోను తీగ గీ డబ్బలకెళ్లి పోవాలె. లేకుంటే ఫోను మోగినప్పుడల్లా నెట్టు పోతది. జర ఆగుండ్రి, పెట్టి పోత."

"ఇప్పుడొద్దు. రాహుకాలం షురువైంది. కొత్త వస్తువు బిగించొద్దు."

"ఇంటర్వ్యూ కూడ రాహుకాలంలనే ఉన్నది గద పెద్దమ్మా," అంది లిఖిత.

"గా టైము కంపెనోళ్ళది. గీ డబ్బ మనది."

ఆమె డబ్బాకూ బొట్టు పెట్టి, దేవుడి అల్మారాలో దీపపు కుందె పక్కన ఉంచింది.

వినోద్ కుమార్ సంచి భుజాన వేసుకున్నాడు. "మీ ఇష్టం. గంట సేపు ఎవ్వలూ ఫోను చెయ్యొద్దని గదే దేవునికి చెప్పుండ్రి. నేను యాచారం పోవాలె."

లిఖిత లోపలి గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. మహేశ్వరి హాలులో నిలబడి చెవి అటే పడేసింది. పిల్ల తడబడకుండా జవాబులు చెబుతోంది. మధ్యలో ఒకసారి నవ్వింది కూడా. ఇంటర్వ్యూలో నవ్వగలిగిన పిల్లకు ఉద్యోగం రాక ఎక్కడికి పోతుంది? ఆ పిల్ల కంపెనీ బస్సు ఎక్కడం, కిటికీలోంచి చెయ్యి ఊపడం మహేశ్వరికి అప్పుడే కనిపించసాగాయి.

హాలులో ఫోను మోగింది.

"మేడం, బొంగులూరు రింగు రోడ్డు పక్కనే మా కొత్త వెంచర్. మీ పిల్లల భవిష్యత్తు కోసం ఒక్క ప్లాటు..."

"పెద్దమ్మా, తెర పోయింది," లోపలినుంచి లిఖిత గొంతు.

మహేశ్వరి ఫోను పెట్టేసింది. ప్లాట్లు అమ్మేవాళ్ళు రోజూ ఆ నంబరుకు చేస్తూనే ఉంటారు. ఇవాళ మాత్రం వాళ్ళు చేసింది ఉత్త ఫోను కాదు. పిల్ల నోటి దగ్గరి ముద్ద లాగేశారు. ఆమెకు కోపం వస్తే గొంతు పెరగదు, వ్యాకరణం శుద్ధమవుతుంది.

దీపం మళ్ళీ నిలకడ పట్టబోతుండగా ఫోను మోగింది. దీపం ఆరిపోయింది.

"అమ్మా, నమస్తే. జర ఒక్క నిమిషం..."

మగగొంతు. పొలం గట్టు మీదినుంచి మాట్లాడుతున్నట్టున్న పల్లె యాస. భూములు అమ్మిపెట్టడానికి ఇప్పుడు ఊళ్ళవాళ్ళనే కూలికి పెట్టుకుంటున్నారన్నమాట.

"నమస్కారం అనే మాటకు ఒక మర్యాద ఉంది. దాన్ని మీ బేరానికి వాడకండి." ఆమె పెట్టేసింది.

మళ్ళీ మోగింది.

"ఫోను పెట్టకు తల్లీ. ఆదిభట్ల కాడికెళ్లి మాట్లాడుతున్న. మీ పిల్ల బతుకు సంగతి..."

ఇందాక బొంగులూరు, ఇప్పుడు ఆదిభట్ల. పిల్లల బతుకు ఎత్తకుండా వీళ్ళకు ప్లాటు అమ్ముడుపోదు.

"మా పిల్ల బతుకును గజాల లెక్కన కొలిచే అధికారం మీకు ఎవరిచ్చారు? మీరు ఇచ్చేది ఏదీ మాకు అవసరం లేదు. ఇకమీదట ఈ ఇంటికి ఫోను చేయకండి."



"ఏదీ వద్దా తల్లీ?"

"వద్దని తెలుగులోనే చెప్పాను."

"మంచిది."

ఆమె ఫోను తీగను గోడలోంచి పీకేసింది. మోడెం దీపం మిణుకుమని, కుదురుకుని, నిండుగా వెలిగింది.

"నెట్టొచ్చింది బిడ్డా. ఇగ ఎవ్వడు అడ్డమొస్తడో చూస్త. కూసో, కొప్పు సర్దుకో."

ఇద్దరూ తెర ముందుకు చేరారు. బొమ్మ అద్దంలా తేటగా వచ్చింది. తెర మీద ఒక ఉద్యోగిని ఒక్కతే కాగితాలు సర్దుకుంటోంది.

"సారీ మేడం, నెట్టు పోయింది. మిగిలిన ప్రశ్నలు..." అంది లిఖిత ఆత్రంగా.

ఆమె ఆశ్చర్యంగా తలెత్తింది. "మీకు ఇష్టం లేదనుకున్నాం. మీ తర్వాతి అమ్మాయిని ఖాయం చేసి, సార్ ఇప్పుడే వెళ్ళిపోయారు."

మహేశ్వరి పిడికిలిలో ఫోను తీగ ఇంకా అలాగే ఉంది.

"మీ తెర పోగానే, 'మా ఇబ్రహీంపట్నం దిక్కు పిల్ల, తీగ సక్కగ లేదని కొలువు పోవద్దు' అంటూ మా డైరెక్టరు గారే రెండుసార్లు మీ ఇంటికి ఫోను చేశారండీ; ఎవరో పెద్దావిడ ఏదీ వద్దన్నారట."