ఒక్క గోల్ తేడా

ఎవర్ట్ కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోతున్నాడు. లేస్తాడు, కిటికీలోంచి వానలో తడుస్తున్న మైదానాన్ని చూస్తాడు, మళ్ళీ వచ్చి కూర్చుంటాడు. డెబ్బై తొమ్మిదేళ్ల మోకాళ్లు లేచిన ప్రతిసారీ మొరాయిస్తున్నాయి.

"ఇది నాలుగో పెప్పర్‌మెంటు," అంది పక్కన అల్లిక పట్టుకుని కూర్చున్న అతని భార్య విల్లమీన్. "చర్చిలో ప్రసంగం మొత్తానికీ నీకు రెండే పడతాయి."

ఎవర్ట్ బిళ్ళను కటుక్కున కొరికాడు.

క్లబ్ క్యాంటీన్ కిటకిటలాడుతోంది. నదికి ఈ ఒడ్డు వాళ్లూ ఆ ఒడ్డు వాళ్లూ ఒకే కప్పు కింద కాఫీ తాగుతారని ఇదివరకు ఎవరైనా అంటే నవ్వేవారు. ఈ ఒడ్డున ప్రొటెస్టంట్లు. వీళ్లకి ఆదివారం సైకిలెక్కడమే తప్పు, ఇక బంతి తన్నడం గురించి చెప్పనే అక్కర్లేదు. అందుకే వీళ్ల క్లబ్ శనివారాలు ఆడేది. ఆ ఒడ్డున కాథలిక్కులు. పొద్దున పూజ ముగించుకుని, ఆదివారం మధ్యాహ్నానికి దర్జాగా మైదానంలో దిగేవారు. ఆ రోజుల్లో ఒకరి రొట్టెల కొట్టుకి మరొకరు వెళ్లేవారు కాదు. ఒకరి పత్రిక మరొకరు చదివేవారు కాదు. ఇప్పుడు రెండు ఒడ్డుల్లోనూ ఆడేవాళ్లు కరువై క్లబ్బులు రెండూ కలిసిపోయాయి.

కలిసిన క్లబ్బుకి కొత్త గ్యాలరీ కట్టారు. దానికి ఎవరి పేరు పెట్టాలన్నదే గొడవ. నెలరోజులు కొట్టుకుని, చివరికి ఎక్కువ గోల్స్ కొట్టినవాడి పేరు పెడదామని తేల్చారు. ఈ ఒడ్డున ఎవర్ట్. ఆ ఒడ్డున కీస్ ముల్డర్. ఇద్దరూ అరవైల్లో గోల్స్ వాన కురిపించినవాళ్లే. ముల్డర్ మాత్రం తొమ్మిదేళ్లు ఆడి, ఒక వేసవి తర్వాత మరి కనబడలేదు. కెనడా వెళ్లిపోయాడని ఆ ఒడ్డు వాళ్లు అనుకునేవారు.

"ఎందుకంత గాభరా?" అన్నాడు ఎదురుగా కూర్చున్న నోల్. అతను ఆ ఒడ్డు క్లబ్బుకి ఒకప్పటి గోల్‌కీపర్. ఇప్పుడు చూపు మసకబారి, ఎదుటి మనిషి మొహం కూడా సరిగా ఆనదు. "మా ముల్డర్ నిన్ను మించిపోతాడని దడా?"

"నాకేం దడ లేదు."

"మరి ఆ కాలు ఊపడం ఆపు. నా కాఫీ అంతా బల్ల తాగేస్తోంది."

ఎవర్ట్ కాలు ఆపాడు. పొద్దున్నే అతను క్లబ్ అధ్యక్షురాలు మార్లూస్ దగ్గరికి వెళ్లి, గ్యాలరీకి నది పేరు పెట్టమని బతిమాలాడు. ఆమె నవ్వేసింది.

"ముల్డర్ పేరొస్తే ఏం చేస్తారమ్మా?" అని అడిగాడు.

"ఫోటో మనిషెత్తున పెద్దది చేయించి పెడతాం. ఆచూకీ చెప్పమని పత్రికలో వేస్తాం. బతికుంటే పట్టుకొచ్చేదాకా వదలం."

అప్పటినుంచి అతను పెప్పర్‌మెంట్లు నములుతూనే ఉన్నాడు.

మార్లూస్ మైకు తట్టింది. "పాత రికార్డులన్నీ రెండుసార్లు చూశాం. ఎవర్ట్, రెండు వందల నలభై ఒకటి."

ఈ ఒడ్డు వాళ్లు బల్లలు చరిచారు.

"కీస్ ముల్డర్, రెండు వందల నలభై రెండు."

ఆ ఒడ్డు వాళ్ల కేకలకి కిటికీ అద్దాలు అదిరాయి. ఎవర్ట్ గభాలున లేచాడు.

"ముల్డర్ గోల్స్‌లో ఒకటి చెల్లదు," అన్నాడు. "అరవై ఆరు మార్చిలో, వానలో కొట్టింది. అది తలకి తగల్లేదు, చేతికి తగిలింది. రిఫరీ చూడలేదు."

"నీకెలా తెలుసు?" అన్నాడు నోల్. "అది ఆదివారం. నువ్వప్పుడు మీ నాన్న పక్కన బైబిలు పట్టుకుని కూర్చునుంటావు."

"ఎవరో చెప్పారు."

ఆ ఒడ్డు వాళ్లలో ఒకటే నవ్వు. ఈ ఒడ్డు వాళ్లు నవ్వలేదు గానీ మొహాలు తిప్పుకున్నారు. తండ్రి తర్వాత తనూ చర్చి పెద్ద అయినవాడు, ఊరందరికీ నీతులు చెప్పేవాడు, యాభై ఏళ్ల కిందటి ఒక్క గోల్ కోసం ఇంత దిగజారాలా? ఎవర్ట్ చెవులు ఎర్రబడ్డాయి. సిగ్గుతో చచ్చినంత పనైంది. కుర్చీలో కూలబడ్డాడు.

నోల్ తడుముకుంటూ వెళ్లి మైకు అందుకున్నాడు.

"చేత్తో కొట్టాడో తలతో కొట్టాడో, వాడు నా దోస్తు. ఆట అయ్యాక ఒక్క బీరైనా తాగేవాడు కాదు వెధవ. గడియారం ఐదు కొట్టేసరికి మాయమైపోయేవాడు. ఎక్కడివాడో మేమూ అడగలేదు, గోల్స్ కొడుతున్నాడు కదా అని ఊరుకున్నాం. అడగాల్సింది. నా కళ్లు పూర్తిగా పోకముందు వాణ్ణి ఒకసారి చూడాలని ఉంది. అంతే."

మార్లూస్ మైకు తీసుకుని మెల్లగా అడిగింది.

"కీస్ ముల్డర్ గురించి తెలిసినవాళ్లెవరైనా ఉంటే దయచేసి ముందుకి రండి."

ఎవరూ కదల్లేదు. బల్ల కింద ఎవర్ట్ కాలు మళ్లీ ఊగడం మొదలుపెట్టింది. విల్లమీన్ అల్లిక పక్కన పెట్టి, అతని మోకాలి మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కింది.

"లే ఎవర్ట్, నిన్నే పిలుస్తున్నారు," అంది, మామగారి కంటబడకుండా కీస్ ముల్డర్ ఆదివారపు బురద చొక్కాలను తొమ్మిదేళ్లపాటు ప్రతి సోమవారం ఉతికి అటక మీద ఆరేసిన విల్లమీన్.